అవ్వ వీపు ఆనిన గోడ

స్నానాల గదిలో పాత ప్లాస్టిక్ పలకలను మేస్త్రి ఒక్కొక్కటే పెరుకుతా ఉంటే, వాటి వెనక నుంచి తడిసిన సున్నం వాసనా, మసి వాసనా, అడుగున ఎప్పటిదో ఆముదం వాసనా కలిసి వంటింట్లోకి వచ్చి నన్ను లేపి నిలబెట్టినాయి. పోయిన నెల ఆ గదిలోనే జారి పడితిని. అందుకే నా కూతురు ఆ పలకలు తీపించి, గరుకు టైల్స్ వేయించి, గోడకు పట్టుకునే కడ్డీ బిగించాలని పట్టుబట్టింది. పోయి చూస్తే మూలగోడ మింద మనిషి వీపంత వెడల్పున నల్లని మరక.

అది మా అవ్వ వీపు. మా నాయన వాళ్లమ్మ.

మా వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ మూడు నెలలు నిండేదాకా నీళ్లు పోసేది మా అవ్వే. అప్పుడిది గది కాదు, మూడు గోడలూ పైన బోదగడ్డి కప్పూ ఉండే, నీళ్లు పోసుకునే బచ్చలి. తెల్లారి శెనక్కాయ పొట్టు మంట మింద అండాలో నీళ్లు కాగుతా ఉంటే, తల్లులు ఒక చంకన బిడ్డ, ఇంకో చంకన కడవ పెట్టుకొని వచ్చేవాళ్లు. కరువు రోజులు, ఎవరి బిడ్డకు నీళ్లు వాళ్లే తెచ్చుకోవాలని అవ్వ పెట్టిన కట్టడి. జానెడెత్తు బండ మింద కూర్చొని, గోడకు వీపు ఆనించి, కాళ్లు బారజాపి, వాటి మింద బిడ్డను పండబెట్టుకొని, ఆముదం రుద్ది, పెసరపిండితో తోమి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి నీళ్లు పోస్తే, బిడ్డ గుక్కపట్టి ఏడ్చేది.

"ఏడువు నాయనా, ఏడువు. నీ కండ్లలోనన్నా నీళ్లుండాయి, మన బాయిలో అవీ ల్యావు" అనేది అవ్వ.

ఆ నీళ్లను ఊరికే పోనిచ్చేది కాదు. బండ అంచు కింద బాణలి పెట్టి, దాంట్లోకి జారిన నీళ్లతోనే నాకూ మా తమ్మునికీ పోసేది. ఉగాది నాడు ఓళిగలు తినే ముందర పోసుకునేది కూడా ఎవురో ఒక బిడ్డ ఒంటిమింద నుంచి జారిన నీళ్లే. నా దగ్గర ఎప్పుడూ చంటిబిడ్డ వాసనని బడిలో పిల్లోళ్లు ఎగతాళి పట్టేవాళ్లు.

అవ్వ పోయినాక ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఆ నూనె మరక పైకి తేలుతానే ఉండేది. చుట్టాలు చూస్తే బాగుండదని సిగ్గుపడి, పలకలు కొట్టించి మూసింది నేనే.

మేస్త్రి ఉలి తీసి గోడకు ఆనించినాడు.

"ఆ మరక మేర వదిలేయరాదాప్పా?" అంటిని.

"నూనె తాగిన గోడక్కా. టైల్ నిలబడదు, కడ్డీ ఊడొస్తాది. మళ్లా నువ్వు పడితే నన్ను తిడతారు."

"ఈ తూరి తుంటి ఇరిగితే ఆ మరకొచ్చి నిన్ను లేపుతాదామ్మా?" అనింది కూతురు.

ఒక్కసారి ఆడ కూర్చొని చూస్తానంటే ఇద్దరూ నవ్వినారు. గోడ పట్టుకొని మెల్లగా దిగి కూర్చుంటిని. నేలను రెండు తూర్లు ఎత్తు లేపినాం కదా, అవ్వ వీపు నా నడుము దాటి పైకి రాలేదు. కాళ్లు చాపబోతే మోకాళ్లు మడత విడవలేదు. లేపేదానికి కూతురొక చెయ్యి, మేస్త్రి ఒక చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

"కొట్టుకోప్పా ఇంక" అంటిని.

సాయంత్రానికి ఆ మరక పెళ్లలు పెళ్లలుగా రాలి సిమెంటు సంచుల్లోకి పోయింది. ఎదురింట్లో పసిబిడ్డకు ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోస్తాండారు. ట్యాంకరు నీళ్లు, పోసినాక కాలవలోకి. నన్ను పిలిచినా నేను పోలేను. కాళ్లు బారజాపి నేల మింద కూర్చోగలిగిన ముసిలిది మా వీధిలో ఇప్పుడు ఒక్కతె కూడా లేదు.