ఎస్తేరమ్మగారి గుడ్ల గడియారం

మా కోడలు వంటింట్లో గుడ్లు ఉడకబెడుతోంది. నీళ్ళు తెర్లి, గుడ్లు ఒకదానికొకటి తగులుకుంటూ గిన్నెలో టకటకలాడుతున్నాయి. వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. ఆ చప్పుడు చెవిన పడగానే నా రెండు చేతులూ పళ్ళెం మీంచి లేచి గాలిలో ఆగాయి. నేను లేపలేదు, వాటంతటవే లేచాయి. "ఏమైందత్తా, తేలుగాని కుట్టిందా?" అంటూ కోడలు పరిగెత్తుకొచ్చింది. ఏమీ లేదు పొమ్మన్నాను. సంగతంతా చెప్పాలంటే ఎస్తేరమ్మగారి దగ్గర మొదలుపెట్టాలి, అది ముగిసేలోపు గుడ్లు రాళ్ళయిపోతాయి. అందుకే అప్పుడు చెప్పకుండా, తర్వాత ఇలా రాస్తున్నాను.

ఎస్తేరమ్మగారు తిరువళ్ళూరులో రైలు స్టేషనుకు పోయే దారిలో టైపు నేర్పేవారు. బయట ఇన్‌స్టిట్యూట్ అని బోర్డు ఉండేది గానీ అది వాళ్ళింటి ముందుగదే. మూడు మిషన్లుండేవి, వాటిలో ఒకటి ఎప్పుడూ జబ్బుపడి ఉండేది. ఆమె భర్త మద్రాసులో ఒక దొర దగ్గర బట్లరుగా చేస్తూ చనిపోయాడట. దొరసాని ఈమెకు టైపు నేర్పి తన ఉత్తరాలన్నీ కొట్టించుకునేదట. వాళ్ళు సీమకు తిరిగి పోతూ ఒక పాత మిషనూ, బట్లరుగారు దొరకు గుడ్లు ఉడకబెట్టేటప్పుడు పెట్టుకునే ఇసుక గడియారమూ ఈమెకు ఇచ్చిపోయారు. రెండు గాజు బుడ్లు, నడుమ సన్నటి మెడ, లోపల గుప్పెడు కూడా లేని ఇసుక. మేమందరం దాన్ని గుడ్ల గడియారం అనేవాళ్ళం. ఎస్తేరమ్మగారు లావుపాటి మనిషి. తెల్లచీర, దారంతో చెవికి కట్టుకున్న కళ్ళజోడు, నోట్లో ఎప్పుడూ వేయించిన శనగలు. మమ్మల్ని తిట్టేటప్పుడు కూడా నమలడం ఆపేది కాదు మహాతల్లి.

నేనామె దగ్గర చేరినప్పుడు యుద్ధం జరుగుతోంది. మా ఆయన మిలిటరీ లారీ తోలడానికి బర్మా వైపు పోయాడు. పోయినప్పటినుంచీ కబురు లేదు. ఇంట్లో నేనూ, చంకలో పిల్లవాడూ, మా అత్త మునెమ్మ. మా పుట్టిల్లు తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగై. మా అన్న ఒకసారి వచ్చి, "నువ్వూ బిడ్డా వచ్చేయండి, నాలుగు మెతుకులు మాకు బరువుగాదు. మీ అత్తను మాత్రం నా వాకిట్లోకి తేవద్దు" అన్నాడు. మా అత్తకు ఉన్నదల్లా ఒక్క కొడుకు, వాడు యాడున్నాడో తెలీదు. ఆమెను వదిలేసి పోయి అన్నం ఎట్లా తినేది? నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజుల్లో యుద్ధం పుణ్యమా అని ఆఫీసుల్లో టైపు కొట్టే మగవాళ్ళు కరువయ్యారు. టైపు పరీక్ష పాసై వస్తే ఉద్యోగం ఇస్తామని తిరువళ్ళూరులోనే ఒక ఆఫీసులో చెప్పారు. పాసైతే మేం ముగ్గురం ఒక కప్పు కింద ఉంటాం. తప్పితే మా అత్త ఒక దిక్కు, మేమొక దిక్కు. నా చదువంతా దానికోసమే.

నాకు అసలే కోపం. అన్న మీది కోపమంతా మిషను మీద చూపించేదాన్ని. మొదటిరోజే ఎస్తేరమ్మగారు నా వెనకొచ్చి నిలబడ్డారు. "ఏమే చెంగమ్మా, అది మిషనే, రోకలి గాదు. వడ్లు దంచతాండావా?" అన్నారు. తర్వాత గుడ్ల గడియారం తెచ్చి నా పక్కన బల్ల మీద బోర్లించారు. ఇసుక పడుతున్నంతసేపూ తల ఎత్తకుండా కొట్టాలి. పడిపోగానే, మాట నడిమధ్యన ఉన్నా సరే, చేతులెత్తి ఒళ్ళో పెట్టుకోవాలి. ఆమె నాలుగు శనగలు నమిలి మింగి మళ్ళీ తిప్పితేనే మళ్ళీ మొదలు. గోడకు లోలకం గడియారం ఒకటి ఉండేది, మా వీపుల వెనక. పరీక్షలో మాదిరి పొడుగు కాగితం కొట్టించినప్పుడు మాత్రం ఆమె ఆ గోడ గడియారం చూసేవారు. దాంట్లో నడుమ ఆగేది లేదు.

"మంచి ఊపులో ఉండాను టీచరమ్మా, ఇంకొంచెం కొట్టనీండి" అని బతిమాలేదాన్ని.

"ఊపులో ఉన్నబుడే నిలపాల. అలిసినాక నిలిపేది గాడిద గూడా చేస్తాది" అనేవారు. "ఆ గోడది ఎవురికోసరమూ నిలవదు. దాన్ని చూసి పరిగెత్తినావంటే రొప్పు తప్ప ఏమీ మిగలదు. ఇదైతే మన చేతిలోది. మనం తిప్పితేనే నడుస్తాది."

ఆమె లెక్కలో విద్యార్థులు మూడు రకాలు: పచ్చిగుడ్డు, సగం ఉడికింది, ఉడికింది. నన్ను చాలాకాలం పచ్చిగుడ్డు దగ్గరే ఉంచారు. తప్పులు తగ్గిన రోజున కాగితం వెలుతురుకు పట్టి చూసి, "పరవాలేదు, తెల్లసొన గట్టిపడినాది" అన్నారు. నేను ఇంటికి ఎగురుకుంటూ పోయాను.

మధ్యాహ్నం మా అత్త బిడ్డను చంకనేసుకుని నాకు కళి, అదే రాగిసంకటి, తెచ్చేది. మొదట్లో గడప దాటేది కాదు. కిరస్తానం వాళ్ళిల్లని కొంత, మిషన్ల భయం కొంత. ఒకరోజు ఆమె వచ్చేసరికి నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి జట్కాబండ్లు చూస్తున్నాను. "ఏమ్మా టీచరమ్మా," అంది గడప బయటినుంచే, "కూలికి పొయ్యి గట్టు మీద కూసునేది నేర్పిస్తాండావా నా కోడలికి?"

"నువ్వు నాట్లకు పొయినబుడు నడుమెత్తవా అక్కా?" అన్నారు ఎస్తేరమ్మగారు.

"మేస్త్రి చూడనబుడు ఎత్తుతా."

"నా కాడ మేస్త్రి చూస్తా ఉండంగానే ఎత్తొచ్చు. రా, లోపలికొచ్చి కూసో."

మా అత్తకు నవ్వాగలేదు. నవ్వుతూనే గడప దాటింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి శనగలు నమలడం మొదలుపెట్టారు, నన్ను తిట్టడం కూడా. అయినా గుడ్ల గడియారం మాత్రం మా అత్తకు గిట్టేది కాదు. "ఇంత ఇసక పోసుకొని మనిసిని ఆడిస్తాది" అని మూతి తిప్పేది.

పరీక్ష దగ్గర పడింది. ఎస్తేరమ్మగారు గుడ్ల గడియారాన్ని అలమరలో పెట్టేసి, పొడుగు కాగితాలు మొదలుపెట్టించారు. అప్పుడు బయటపడింది నా రోగం. బల్ల మీద గడియారం లేదు, తిప్పేవాళ్ళూ లేరు, అయినా ఇసుక పడేంత సేపు కాగానే నా చేతులు లేచి ఒళ్ళోకి వచ్చేస్తున్నాయి. వాటిని మళ్ళీ మీటల మీదికి ఈడ్చుకొచ్చేసరికి గోడ గడియారం ముందుకు పోయేది. మొదటి కాగితం పూర్తి కాలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పళ్ళు బిగబట్టి ఆపితే వేళ్ళు తడబడి తప్పుల మీద తప్పులు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నా చేతుల్ని పాడుచేసినారు టీచరమ్మా! ఇప్పుడు నేను తప్పితే మా అత్త యాడికి పోవాల? మీరు పెట్టుకుంటారా ఇంట్లో?" అని అందరి ముందూ అరిచాను.

ఎస్తేరమ్మగారు నమలడం ఆపేశారు. అంతకుముందు ఎన్నడూ చూడలేదు ఆ నోరు ఊరికే ఉండడం. నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "కొట్టు" అన్నారు. కొట్టాను. చేతులు లేచాయి. అవి ఒళ్ళోకి దిగేలోపు ఆమె తన అరచేతులు చాపి కిందనుంచి పట్టుకున్నారు, జారే పిల్లవాణ్ణి పట్టుకున్నట్టు. "లేస్తే లేవనీ. అవి మంచి చేతులే, చెప్పిన మాట మరిసిపోలేదు. ఒళ్ళోకి మాత్రం పోనీయొద్దు. ఒక్క ఊపిరి పీల్చు. రాబోయే వరస మీద కన్నెయ్. దిగు." ఆరోజు సాయంత్రం దాకా ఆ అరచేతులు నా చేతుల కిందే ఉన్నాయి. లావు మనిషి, వంగి కూర్చోలేక ఆయాసపడుతూ. మర్నాడు తీసేశారు. నా చేతులు లేచాయి, ఊపిరి తీసుకున్నాను, దిగాయి. కాగితం పూర్తయింది.

పరీక్ష మద్రాసులో. ఒక పెద్ద హాల్లో ఎన్నో మిషన్లు ఒక్కసారిగా మోగాయి. పక్కనున్న అబ్బాయి తరుముకొస్తున్నట్టు కొడుతున్నాడు. అతన్ని చూసి నేనూ పరుగెత్తాను. అంతలో చేతులు లేచాయి. అలవాటుగా రాబోయే వరస మీద కన్ను వేశాను. రెండు వరసలు ఒకే మాటతో మొదలవుతున్నాయి. నేను పైదాన్ని దాటేసి కిందదాంట్లోకి దూకబోతున్నాను. ఒక్క ఊపిరి, అంతే. సరైన వరస మీదికి దిగాను. ఆ తర్వాత పక్కవాణ్ణి చూడలేదు. పాసయ్యాను. కబురు చెప్పినప్పుడు ఎస్తేరమ్మగారు నా తల మీద మొట్టికాయ వేసి, "ఉడికినావే" అన్నారు. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి. మా అత్త మాత్రం, "నేను మోసిన కళి బలం" అంది.

ఉద్యోగంలో కుదురుకున్నాక వచ్చింది తంతి. మా ఆయన ఇక రాడు. మా అత్త గోడకు తల కొట్టుకుంటూ ఏడుస్తోంది, ఎవరు పట్టుకున్నా ఆగడం లేదు. నేను కట్టెలా కూర్చున్నాను. కంట చుక్క రాదు, గొంతులోకి నీళ్ళు దిగవు. మధ్యాహ్నానికి ఎస్తేరమ్మగారు వచ్చారు. వస్తూనే పొయ్యి ముట్టించి కంజి కాచారు. మా ఇద్దరి నడుమ కూర్చుని, కొంగులోంచి గుడ్ల గడియారం తీసి నేల మీద పెట్టారు.

"ఏడవండి. ఇది పడేదంకా కడుపారా ఏడవండి, ఎవురూ అడ్డం రారు. పడినాక తలా ఒక గుక్క కంజి తాగాల. మళ్ళా నేనే తిప్పుతా, మళ్ళా ఏడుద్దురు."

ఆ ఇసుక పడుతుంటే చూస్తూ నేను మొదటిసారి ఏడ్చాను. పెద్దగా, నోరు తెరిచి. పడిపోయింది. ఆమె గ్లాసు నోటికి పెట్టారు. ఒక గుక్క నేను, ఒక గుక్క మా అత్త. మళ్ళీ తిప్పారు. ఎన్నిసార్లు తిప్పారో నాకు తెలియదు. పొద్దు వాలింది. కంజి అయిపోవచ్చింది. ఒకసారి ఇసుక పడ్డాక ఎస్తేరమ్మగారు మళ్ళీ తిప్పడానికి చెయ్యి చాపారు. మా అత్త ముందుకు వంగి, ఆ గడియారం మీద తన అరచెయ్యి మూసింది.

"చాలు టీచరమ్మా," అంది. "బిడ్డకి పాలు కాంచాల."

లేచి, కొంగు బిగించి పొయ్యి దగ్గరికి పోయింది. ఎన్నో ఏళ్ళు మేం ముగ్గురం ఆ కప్పు కిందే బతికాం. మా అత్త నా చేతుల్లోనే పోయింది. ఎస్తేరమ్మగారూ పోయారు. ఆ గుడ్ల గడియారం ఎవరింటికి చేరిందో నాకు తెలియదు. తెలుసుకుందామని కూడా అనుకోలేదు. మిషను మాదిరి టకటకలు వినబడ్డా, కష్టం వచ్చి మీద పడ్డా నా చేతులు వాటంతటవే లేస్తాయి. ఒక్క ఊపిరి తీసుకుంటాను. కింద ఆ లావుపాటి అరచేతులు ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

వంటింట్లో టకటకలు ఆగాయి. "గుడ్లు ఉడికినాయత్తా, రా!" అని కోడలు కేకేస్తోంది. చేతులు దించి, చింతపండు పళ్ళెం పక్కకు జరిపి లేచాను.