రజిత మొఖం చూసి వేసిన ఉప్పు

ఏందిరా కుమార్, పొద్దటిసంది ఆ ఫోన్ల బొమ్మలు చూసుకుంట కూసున్నవ్? నూడుల్స్ అంటవ్, పానీపూరి బండి అంటవ్. నీ రిసెప్షన్‌కు ఏ క్యాటరింగ్ ఆయన మంచోడని ఊరంత అడుగుతున్నవ్. మీ అక్క రజిత పెండ్లి దావత్‌ల వండిన జానీమియా ఎక్కడోడు, ఎట్ల బతికిండని ఒక్కనాడన్న అడిగినవా? ఆయన వండిన బగార అన్నం తిని పెరిగినోళ్లే మీరంత. ఆ ఫోన్ పక్కకు పెట్టి ఈ అమ్మమ్మ చెప్పేది విను.

జానీమియాది గార్ల. చిన్నగున్నప్పుడే నాయిన పోతే మేనమామ ఎంబడి దావత్‌లకు పోయి, ఉల్లిగడ్డలు కోసుకుంట వంట నేర్సిండు. మన తండల పెండ్లంటే ఆయన రావాల్సిందే. మీ అమ్మ పెండ్లికి ఆయనే, రజితకు పేరు పెట్టిననాడు ఆయనే. ఆనాడు ఉయ్యాలల పిల్లను చూసి, "నీ పెండ్లి దావత్ గూడ నేనే వండుత బేటీ" అన్నడు. అందరు నవ్విండ్రు. ఆయన మాత్రం ఆ మాట మర్చిపోలే.

తర్వాత క్యాటరింగులొచ్చినయ్. కరోనా పోయినంక ఆయనను పిలిచేటోడే లేకపాయె. బగార వండే పెద్ద డేక్సా వాకిట్ల బోర్లేసుకున్నడు, దాని మీద కోళ్లు ఎక్కి కూసుండేటియి. రజిత పెండ్లి కుదిరినప్పుడు నువ్వేమన్నవ్? "ముసలాయన చేతులు వణుకుతున్నయ్. చెల్పూర్ పిల్లగానోళ్ల ముంగట ఇజ్జత్ పోతది" అన్నవ్. "తాత వండకుంటే నేను ముద్ద ముట్ట" అని రజిత మొండికేసింది. అట్ల డేక్సా మళ్ల పొయ్యెక్కింది.

అది రంజాన్ నెల. ఒక్కపొద్దు ఉంటే ఆయన ఉప్పు గూడ నాలుకకు తగలనియ్యడు. ఎవరికన్న చెంచెడు ఇచ్చి తినమంటడు. ఎట్లుందని అడగడు, మొఖం చూస్తడు. "పెండ్లికాడ ఎవ్వర్నడిగినా బాగుందనే అంటరక్కా" అనేటోడు. ఆ తినే పని నాదని మాటిచ్చిన. బుధవారం అనుకున్న దావత్‌ను, హాలు దొరకలేదని గురువారానికి జరిపిరి.

మానుకోట ఫంక్షన్ హాలు ఎనుక, బగారల పోసుకునే పప్పు దాల్చా ఉడుకుతుంది. గంటె నా నోటికాడికొచ్చినంక యాదికొచ్చింది.

"ఆగు తమ్మీ! ఇయ్యాల గురువారం. బాబాకు మొక్కిన, నాది గూడ ఒక్కపొద్దే."

"యా అల్లా! ఇద్దరం ఉపాసముంటే ఉప్పెవరు చూడాలెనక్కా?"

ఆయన ఎంబడి వచ్చినోళ్లు గూడ ఒక్కపొద్దే. మన తండ మగోళ్లు అప్పటికే కల్లు తాగిండ్రు, వాళ్లకు రాయి ఉడకేసి పెట్టినా కమ్మగనే ఉంటది. నిన్ను పిలుస్తనంటే, "కుమార్ వద్దక్కా, తినకముందే మొఖం ముడుస్తడు" అన్నడు. అంటనే పొయ్యికాడ కూలబడ్డడు. "ఇది చెడిందంటే ఇగ నన్ను పిలిచేటోడు ఉండడు. పోనీ అది గాదు, బేటీకిచ్చిన మాట పోతది" అన్నడు.

నేను పోయి రజిత చెవుల చెప్పిన. పెండ్లిచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని ఉరికొచ్చింది. "మేకప్ కరుగుతది మేడం" అని మేకప్ పిల్ల ఎనుకబడ్డది. రజిత బకీటు బోర్లేసి పొయ్యికాడ కూసున్నది. జానీమియా పిల్ల అరచేతిల ఇంత దాల్చా పోసిండు. నాకింది.

"ఉప్పు తక్కువైందా బేటీ?"

"నేనేమన్న అన్ననా తాతా?"

"నువ్వనలే. నీ కనుబొమ్మ లేసింది."

ఉప్పేసిండు, తిప్పిండు, మళ్ల పోసిండు. ఈసారి పిల్ల కండ్లు మూసుకొని, ఉత్త చెయ్యి మళ్ల చాపింది. జానీమియా నవ్వి మూత పెట్టిండు. "పెండ్లిపిల్ల పొగ వాసనొస్తుంది, అత్తగారోళ్లు ఏమంటరు" అని మీ అమ్మ నెత్తి కొట్టుకున్నది. ఆ అత్తగారోళ్లేమో లైన్ల నిలబడి రెండుసార్లు తిన్నరు.

బాగుందని పోయేటోడల్ల చెప్పె, ఆయన చెవికి పోనియ్యలే. "పెండ్లికాడి మాటలు" అనుకుంట గిన్నెలు కడిగిచ్చిండు. పొద్దూకింది. చెల్పూర్ పోయే బండి గేటుకాడ హారన్ కొడుతుంది. ఒక గిన్నెల బగార, దాల్చా తీసిపెట్టుకొని రజిత కదలదాయె. "తాత తిన్నంకనే ఎక్కుత" అన్నది.

మజీదుల ఒక్కపొద్దు ఇడిసే అజా వినబడ్డది. జానీమియా ఖర్జూరం కొరికి నీళ్లు తాగి, ముద్ద కలుపుకున్నడు. ఈసారి మొఖం చూసుడు మా వంతు. నమిలిండు. కనుబొమ్మ కదలలే. ఉత్త చెయ్యి రజిత ముంగట చాపిండు.

"పెట్టు బేటీ. పెట్టి పో, బండోళ్లు పరేషానయితుండ్రు."

నేను బగారల పెరుగు కలుపుకొని నా ఒక్కపొద్దు ఇడిసిన. ఆ తర్వాత మళ్ల పిలుపులొచ్చినయ్, ఆ డేక్సా మీద కోళ్లు ఎక్కలే. మర్సటేడు వానకాలంల పోయిండు. పోయేనాటికి జానీమియాకు అరవై ఏడేండ్లు.