కండెల పొగలో రెండు కోళ్లు

పోయిన ఆదివారం మా డాబా మీద రెండు కోళ్లు అన్యాయంగా పోయాయి. ప్రాణం పోవడం కోళ్లకు మామూలే, నేననేది ఆ తర్వాతి సంగతి. కోసి, కడిగి, మసాలా పట్టించి, నాలుగు గంటలు పొగ పెట్టాక, వీధి కుక్క కూడా వాసన చూసి పక్కకు తప్పుకుంది. ఈ ఘనకార్యం ఎవరిదో మెల్లగా చెప్తాను. ముందు ఆ పొయ్యి చరిత్ర వినండి. లేకపోతే నన్నొక్కదాన్నే తిట్టుకుంటారు.

మా అబ్బాయి రమేశ్ ఈ గుజరాతీల ఊళ్లో, ఉధ్నాలో, ఒక మగ్గాల షెడ్డులో మాస్టర్. రోజంతా ఆ మోతలో మగ్గాలు బాగుచేసి ఇంటికొస్తాడు కదా, కాళ్లు చాపుకుని నిద్రపోవచ్చు కదా! లేదు. ఫోన్ పట్టుకుని, ఎవడో టోపీవాడు పెరట్లో నిలబడి మాంసం కాల్చుతుంటే గుడ్లప్పగించి చూస్తాడు. అలా చూసి చూసి, మన డాబా మీద కూడా అలాంటిది ఒకటి ఉండాలన్నాడు. గ్రిల్ కొనాలా, గ్రిడిల్ కొనాలా, స్మోకర్ కొనాలా? మూడు నెలలు ఇదే పంచాయితీ.

"ఏందిరా వాటిల తేడా?" అని అడిగాను.

"గ్రిల్ అంటే కింద నిప్పులు, మీద ఇనుప జాలీ ఉంటది అమ్మా. గ్రిడిల్ అంటే పెద్ద ఇనుప పలక. దాని మీద కాలుస్తరు."

"అంటే పెనం."

"పెనం కాదే, గ్రిడిల్."

"దాని మీద దోసె పోస్తే వస్తదా, రాదా?"

"వస్తది."

"అయితే పెనమే."

వాడు తల కొట్టుకున్నాడు. "సరే, స్మోకర్ సంగతి విను. నిప్పు పక్క డబ్బల ఉంటది. కోడి ఇంకో డబ్బల ఉంటది. పొగ ఇందులకెళ్లి అందులకు పోతది. మెల్లగ నాలుగు గంటలు ఉడుకుతది."

నాలుగు గంటలు! అదీ పొగలో! పొగ అంటే ఏమిటో నన్నడగండి. పెళ్లయిన కొత్తలో కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఏడ్చిన ఏడుపంతా అత్తగారి వల్లే అనుకునేవారు చుట్టుపక్కల వాళ్లు. సగం పొగ వల్లే. గ్యాస్ పొయ్యి వచ్చిన రోజు దానికి పసుపు రాసి బొట్టు పెట్టాను. ఇప్పుడు నా కొడుకు షాపుకు పోయి పొగ కొనుక్కొస్తానంటున్నాడు!

మూత ఎంత మందం, చక్రాలు ఎన్ని, పొగగొట్టం ఏ పక్కన, కొన్నవాళ్లు ఏమంటున్నారు, కొనలేనివాళ్లు ఏమంటున్నారు, అన్నీ చదివాడు. మా కోడలు సుజాతను చూడటానికి ఒక్క పూట వెళ్లి, టీ తాగి, సరేనని వచ్చిన మనిషి వీడు. పొయ్యికి మాత్రం మూడు నెలలు పట్టింది.

చివరికి స్మోకరే వచ్చింది. నల్లగా, నాలుగు కాళ్లతో, మూత మీద గడియారంలాంటి వేడి ముల్లుతో. దానితోపాటు ఒక జిప్పు సంచి. సంచిలో ఆపిల్ కట్టె ముక్కలు! ఒక్కోటి సబ్బు బిళ్లంత.

"కట్టె గూడ ప్యాకెట్ల వస్తదారా?"

"ఇది వేరే కట్టె అమ్మా. దీని పొగకు రుచి ఉంటది."

పొగకు రుచట! నేను బడికి పోలేదు. మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ, పొట్లాల కాగితాలు చదువుకుంటూ చదువు నేర్చుకున్నదాన్ని. కాబట్టి అచ్చులో ఉన్నది ఏది దొరికినా వదలను. పొయ్యితో వచ్చిన పుస్తకంలో హిందీ భాగం మొత్తం నేనొక్కదాన్నే చదివాను. సన్నని నీలి పొగ మంచిదట, దట్టమైన తెల్లపొగ మంచిది కాదట. రంగు, వార్నిష్, నూనె అంటిన కట్టె వాడకూడదట. ఎవరికి తెలియదు ఇదంతా అని నవ్వుకుని పుస్తకం మూశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మధ్య నాకు మరుపు వస్తోంది. ఒకసారి పాలు పొయ్యి మీద పెట్టి మరిచాను. ఇంకోసారి పప్పు. గిన్నె నల్లబడి ఇల్లంతా వాసనొచ్చేదాకా తెలియలేదు. మా పెద్దత్త చివరి రోజుల్లో నా చేతి అన్నం తింటూ నన్నే "ఎవరి బిడ్డవమ్మా నువ్వు?" అని అడిగేది. ఆ మాట నన్ను వదలదు. అందుకే రోజూ స్నానం చేస్తూ ఉధ్నా నుంచి మా సొంతూరి వైపు వెళ్లే రైలు దారి వరసగా చెప్పుకుంటాను. నందుర్బార్, జల్గావ్, భుసావళ్... భుసావళ్ దాటాక ఒక్కోసారి తడబడతాను. ఆ రోజు మళ్లీ మొదటి నుంచి.

పప్పు మాడిన రోజు సుజాత తేల్చి చెప్పింది. "అత్తమ్మా, ఇంకొక్కసారి ఇట్లయితే పనికి పోయేటప్పుడు గ్యాస్ రెగ్యులేటర్ తీసి దాచిపెట్టి పోత. నీకు టీ థర్మాస్‌ల పోసి పెడ్త."

సుజాత సలాబత్‌పురాలో చీరలకు లేసులు కుట్టే చోట పనిచేస్తుంది. పొద్దున ఎనిమిదికి పోతుంది. అంటే ఎనిమిది గంటల టీ నేను మధ్యాహ్నం మూడింటికి తాగాలి. మూడింటికి నా చేత్తో అల్లం దంచి పెట్టుకునే ఆ టీ ఒక్కటే ఈ ఇంట్లో నేను ఎవరినీ అడగకుండా చేసుకునే పని. అదీ పోతే నేనూ, మూలన ఉన్న బీరువా ఒకటే.

ఆదివారం కొత్త పొయ్యికి ప్రారంభోత్సవం పెట్టారు. దగ్గర్లోని కిమ్ అనే ఊరి నుంచి మా వియ్యపురాలు భూలక్ష్మి పొద్దున రైలుకే దిగింది. మరుపు సంగతి కూతురు ముందే చెప్పినట్టుంది, రాగానే నా చేయి పట్టుకుని, "బాగున్నవా వదినె? నన్ను గుర్తుపట్టినవా?" అంది. ఆ ముక్కుపుడకను, ఆ గొంతును మరిచిపోవాలంటే మామూలు జబ్బు చాలదు.

తొమ్మిదింటికి కోళ్లు పొయ్యిలోకి వెళ్లాయి. పదింటికి షెడ్డు నుంచి ఫోన్. ఒకేసారి రెండు మగ్గాలు ఆగిపోయాయట, రమేశ్ వెళ్లాల్సిందే.

"నేను చూస్కుంట. నువ్వు పో," అన్నాను.

సుజాత మొహం మారింది. "అత్తమ్మతోని అవుతదా? మరిచిపోతదేమో."

"మరిచిపోతే నీ రెగ్యులేటర్ ఇయ్యాల్నే తీసి దాచుకో. మరవకుంటే మళ్ల ఆ మాట ఎత్తొద్దు!"

పందెం కుదిరింది. రమేశ్ మూడు మాటలు చెప్పాడు. ముల్లు ఈ గీతకూ ఆ గీతకూ మధ్యన ఉండాలి. అరగంటకు రెండు కట్టె ముక్కలు వేయాలి. "ప్యాకెట్ల కట్టె తప్ప ఇంకేదీ ఎయ్యకు అమ్మా," అని మెట్లు దిగుతూ ఇంకోసారి చెప్పి పోయాడు. సుజాత కింద వంటింట్లోకి వెళ్లింది.

నేను ఫోన్లో అలారం పెట్టుకున్నాను. పదిన్నరకు రెండు ముక్కలు. పదకొండుకు రెండు. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. పుస్తకంలో ఎలా రాసి ఉందో అలాగే, సన్నని నీలి పొగ, ఉందా లేదా అన్నట్టు వస్తోంది. వియ్యపురాలు ఎండలో చాప మీద కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తోంది. ఉన్నట్టుండి తలెత్తింది.

"వదినె, పొగ ఏది?"

"వస్తుంది గద."

"నాకైతే కనబడ్తలేదు. పొయ్యి ఆరిందేమో జర చూడు. కట్టె ఎయ్య యాది మరిచినవేమో."

"యాది మరువలే. రెండు ముక్కలు వేసిన, పదకొండుకు."

"ఏమో మల్ల. పోయినసారి పప్పు గిట్లనే అయ్యిందట గద."

అది విన్నాక నాలో ఏదో కాలింది. పొయ్యిలో కాదు, నాలో. పొగ కావాలా నీకు? చూపిస్తా ఉండు!

నీళ్ల ట్యాంకు పక్కన ఒక గోనె సంచి ఉంది. నిండా పాత కండెలు. కండె అంటే, తెలియని వాళ్లకు చెప్తున్నా, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే కట్టె పుల్ల. నూలు దాని మీదే చుట్టాలి. ఇరవై ఏళ్లు అదే నా పని. షెడ్డు సేఠ్ పాత మగ్గాలు తుక్కుకు వేసినప్పుడు, పనికిరాని కండెలన్నీ మేం మోసుకొచ్చాం. చలికాలం నీళ్లు కాగబెట్టుకోవడానికి అంతకు మించిన కట్టె లేదు. అగ్గిపుల్ల చూపిస్తే చాలు, భగ్గుమంటుంది. ఎందుకు భగ్గుమంటుందో ఆ క్షణాన నేను ఆలోచించలేదు. సబ్బు బిళ్లల్లాంటి ఆ ఆపిల్ ముక్కలెక్కడ, గట్టి కట్టెతో చేసిన నా కండెలెక్కడ! దోసిలి నిండా తీసి పొయ్యిలో వేశాను.

అబ్బ! ఏం పొగ! మొదట తెల్లగా, తర్వాత పచ్చగా, బయటికి రావడానికి పొగగొట్టం చాలక మూత సందుల్లోంచి కూడా వచ్చింది. ముల్లు గీతలన్నీ దాటి పరుగెత్తింది. పక్క డాబా మీద గాలిపటం ఎగరేసేవాళ్లు దారం చుట్టుకుని కిందికి దిగిపోయారు. ఎదురింటి గుజరాతీ ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఓ మాసీ! శూ బళే ఛే?" అని అరిచింది. ఏం తగలబడుతోందని అడుగుతోంది.

"ఖానా!" అని గర్వంగా చెప్పాను.

ఆమె కిటికీ మూసుకుంది. కడుపుమంట అనుకున్నాను.

"ఇప్పుడు కనబడ్తుందా వదినె?" అని వియ్యపురాలి వైపు తిరిగాను. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తల ఊపింది. ఆ ఊపు కోసం ఇంకో దోసిలి వేశాను.

ఒంటిగంటకు రమేశ్ వచ్చి మూత తీశాడు. కోళ్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి, పాలిష్ పట్టిన బూట్లలా. "అమ్మా! కమాల్ చేసినవ్!" అన్నాడు. సుజాత కూడా "మంచిగొచ్చినయ్ అత్తమ్మా" అంది. నేను కూర్చున్న చోటే రెండు అంగుళాలు పెరిగాను. ఈ భోగం సరిగ్గా బగారా అన్నం వడ్డించేంతసేపు నిలిచింది.

రమేశ్ మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. నడిచే మగ్గంలో తేడా మోత వినబడితే తల పక్కకు వంచి వింటాడు వాడు. అలా వంచాడు.

"అమ్మా... ఇది మన షెడ్ లెక్క ఉంది."

"షెడ్ లెక్క అంటే?"

సుజాత ఒక ముక్క కొరికి, మెల్లగా అరచేతిలోకి తీసేసింది. "గ్రీసు."

"ఔ బిడ్డా," అంది వియ్యపురాలు. "మీ నాయిన డ్యూటీ అంగీ నానబెడితే గిదే వాసన."

రమేశ్ లేచి పొయ్యి పక్క డబ్బా తెరిచి, పట్టకారుతో బూడిద కెలికాడు. టింగుమని ఒక చిన్న ఇనుప ఉంగరం బయటికొచ్చింది. ఇంకోటి. ఇంకో నాలుగు. కండె మొదలు దగ్గర బిగించి ఉండే ఉంగరాలు అవి. కట్టె కాలిపోయింది, ఏళ్ల తరబడి అది తాగిన మగ్గం నూనె కోళ్లలోకి పోయింది, సాక్ష్యానికి ఉంగరాలు మిగిలాయి. మగ్గాల మాస్టర్‌కు వేరే రుజువు కావాలా?

అప్పుడు మా వియ్యపురాలు, తొలిసారి నా మీద నిజంగా జాలిపడి, నా వీపు మీద చెయ్యి వేసింది. "పోనియ్‌రి, ఏమనకుండ్రి. పెద్ద పానం. ప్యాకెట్ ఏదో సంచి ఏదో యాదికి లేకపాయె."

రమేశ్ మొహం మెత్తబడింది. సుజాత కళ్లలో కూడా అదే జాలి. ఆ జాలి వెనకే ఆమె చూపు కింద వంటింటి మెట్ల వైపు మళ్లింది. నాకు థర్మాస్ కనబడింది.

అవును, మరిచిపోయాను అంటే చాలు. రెండు కోళ్ల హత్య మాఫీ అవుతుంది. అందరూ నెత్తి నిమురుతారు. కానీ టీ పోతుంది. రేపటి నుంచి నేను ఏం మాట్లాడినా "పాపం" అంటారు.

లేచి నిలబడ్డాను.

"యాది మరువలే! ఒక్కటి కూడ మరువలే! పదిన్నరకు రెండు ముక్కలు, పదకొండుకు రెండు ముక్కలు ప్యాకెట్‌లకెళ్లి వేసిన. ప్యాకెట్ కుర్చీ కింద ఉంది, జిప్పు పెట్టి ఉంది, చూస్కో. పదకొండుంబావుకు కండెలు వేసిన. రెండు దోసిళ్లు. ప్యాకెట్ల కట్టె తప్ప ఇంకేదీ ఎయ్యకు అని నువ్వు రెండుసార్లు చెప్పినవ్, రెండోసారి మూడో మెట్టు మీద నిలబడి చెప్పినవ్. నూనె అంటిన కట్టె వాడొద్దని పుస్తకంల గూడ ఉంది, ఎడమ పక్క పేజీల, కిందికెళ్లి రెండో లైను!"

రమేశ్ పుస్తకం తెచ్చి తెరిచాడు. ఎడమ పక్క పేజీ. కింది నుంచి రెండో లైను.

"ఇంత యాదికున్నా వేసినవా?"

"వేసిన."

"ఎందుకే?"

వియ్యపురాలికి పొగ చూపించడానికి అని ఎలా చెప్పను? ఆమె ఎదురుగానే ఉంది. అయినా ఆమెకు అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతూ నవ్వింది. ఇరవై ఏళ్ల వియ్యంలో ఆమె నవ్వితే నాకూ నవ్వు రావడం అదే మొదలు. మేమందరం వట్టి బగారా అన్నంలో పెరుగు వేసుకుని తిన్నాం. పొయ్యి రుద్ది కడగడానికి రమేశ్‌కు సాయంత్రమైంది. షెడ్డు వాసన సెలవు రోజు కూడా వాడిని వదల్లేదు పాపం.

సోమవారం పొద్దున సుజాత పనికి పోయే ముందు వంటింట్లోకి వెళ్లింది. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. రెగ్యులేటర్ తీసిన చప్పుడు రాలేదు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ అంది: "మరుపైతే డాక్టర్ దగ్గరికి తీస్కపోదుము అత్తమ్మా. నీది మరుపు గాదు. దీనికి మందు దొరకదు."

గడప దాటుతూ ఇంకో మాట కూడా చెప్పింది. నాకు షుగర్ ఉంది కాబట్టి టీలో చక్కెర వేసుకోవద్దని.

సరిగ్గా మూడింటికి అల్లం దంచి టీ పెట్టుకున్నాను. పొయ్యి ఆపాను. ఆపానో లేదో రెండుసార్లు చూసుకున్నాను. కోడలు చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

రెండు చెంచాలు వేసుకున్నాను.