చెయ్యి పడని గ్రాఫు

"గ్రాఫుదేముంది, జర కిందికి గుంజు" అన్నాడు ప్రేమ్‌సాగర్. ఆ ఒక్క మాటకు నిరోషాకు ఒళ్లు మండిపోయింది.

దుమ్మూ నీళ్లూ చప్పుడూ కొలిచి నివేదికలు రాసిచ్చే ఒక చిన్న ఆఫీసు వికారాబాద్‌లో ఉంది. ప్రేమ్‌సాగర్ దాని యజమాని, నిరోషా అందులో కంప్యూటర్ పని చేసే అమ్మాయి. కంకర మిషన్ల దగ్గర పెట్టిన మీటర్ల నుంచి అంకెలు వస్తాయి. వాటిని చూసి ఒకరు గ్రాఫు గీసేవారు, ఇంకొకరు ఆ బొమ్మను కాపీ కొట్టి నివేదికలో అతికించేవారు. మోమిన్‌పేట్ బొమ్మ బంట్వారం నివేదికలోకి ఎక్కిన రోజులూ ఉన్నాయి. సరే, అది పొరపాటు అనుకుందాం. దుమ్ము ఇంతకు మించకూడదని గీసే ఎర్రగీత ఒకటుంటుంది. దాన్ని దాటిన గ్రాఫును మౌస్ పట్టుకుని కిందికి లాగడాన్ని ఏమనాలి? దొంగతనమనే అనాలి.

నిరోషా మర్నాటి నుంచే పనిలో దిగింది. ఆరు నెలలపాటు పొద్దున అందరికంటే ముందొచ్చి ఒక టూలు తయారుచేసింది. దాని పద్ధతి తేలిక. నివేదికలో గ్రాఫు రావాల్సిన చోట బొమ్మ ఉండదు, బొమ్మను ఎలా గీయాలో చెప్పే నాలుగు వరుసల కోడ్ ఉంటుంది. బటన్ నొక్కితే టూలు ఆ కోడ్‌ను నడిపి, మీటర్ అంకెలను తానే తెచ్చుకుని, గ్రాఫు గీసి అక్కడే కూర్చోబెడుతుంది. అంకె మారితేనే గ్రాఫు మారుతుంది. మధ్యలో ఎవడి చెయ్యీ పడదు. మొదట్లో గ్రాఫు మీది తెలుగు అక్షరాలన్నీ డబ్బాలుగా వచ్చేవి, డబ్బాలు పోయాక ఒత్తులు ఊడిపోయేవి. "ఇంగ్లీషులో పెట్టరాదు, ఎవరు చదువుతరు" అన్నారు తోటివాళ్లు. "మా ఊరోళ్లు చదువుతరు" అంది. నాలుగు రోజుల పని అరగంటలో అయిపోతుంటే ప్రేమ్‌సాగర్ కూడా నోరు మూసుకుని ఒప్పుకున్నాడు.

నిరోషా ఊరు తాండూరు అవతల ఉంది. దాన్ని ఆనుకునే ఒక కంకర మిషన్. నిరోషా తల్లి చంద్రవ్వ అక్కడ పదకొండేళ్లు తట్టలు మోసింది. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే దగ్గు. దుమ్ము లేని చోట ఉంచమని డాక్టర్ చెప్పాడు. నిరోషా వికారాబాద్‌లోని తన గదికి తీసుకుపోయింది. చంద్రవ్వ పది రోజులుండి, కందిచేను కోతకొచ్చిందని బస్సెక్కి వచ్చేసింది. పుట్టి పెరిగిన చోటు వదిలి మనిషి పోలేకపోతే మిషన్నే పంపాలి. ఊరంతా కలిసి మిషన్‌ను తరలించమని అర్జీ పెట్టుకుంది. దాని మీద మొదటి వేలిముద్ర చంద్రవ్వదే. దుమ్మెంతో కొలిచి చెప్పాలని పై ఆఫీసు అడిగితే ఆ పని తిరిగి తిరిగి ప్రేమ్‌సాగర్‌కే వచ్చింది.

మీటర్‌ను ఊరి చర్చి స్లాబు మీద పెట్టారు. మొదటి నెలలోనే అది దుమ్ము పట్టి ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు నిరోషాను అందరి ముందూ నానా మాటలన్నాడు. ఆమె ఉడికిపోయి, మీటర్‌కు కాపలా ఉంటున్న తండ్రి యాకోబు దగ్గరికి వెళ్లింది.

"నాయినా, గిది జర పైలం. మళ్ల దుమ్ము పట్టి ఖరాబైతే నా నౌకరికే ఎసరు."

"నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా. నేనుండంగ దానికేమైతది?"

నిజంగానే దానికేమీ కాలేదు. పద్నాలుగు నెలలు మీటర్ ఒక్కరోజు ఆగలేదు. నెలనెలా టూలు గ్రాఫు గీసింది, గ్రాఫు నెలనెలా ఎర్రగీతకు కాస్త కిందే ఉండిపోయింది. నిరోషాకు మింగుడు పడలేదు. తల్లి గొంతులో ఉన్న దుమ్ము గ్రాఫులో ఎందుకు లేదు? కోడ్‌ను పదిసార్లు వెతికింది, తప్పు దొరకలేదు. దొరికితే బాగుండునని కూడా అనుకుంది. తన చేత్తో కట్టిన టూలు తన తల్లికి ఎదురు సాక్ష్యం చెబుతుంటే ఏం చేయాలో తెలియక, ఆఫీసు బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చింది.

అర్జీ మీద విచారణకు మూడు రోజుల ముందు ఆమె ఇంకో గ్రాఫు గీయించింది. ఈసారి నెలల వారీగా కాదు, గంటల వారీగా. పొద్దున్నుంచి దుమ్ము మెల్లగా ఎక్కుతోంది. సరిగ్గా పన్నెండింటికి ధభీమని పడిపోతోంది. మళ్లీ ఎక్కుతోంది. సాయంత్రం ఐదింటికి మళ్లీ పడుతోంది. మిషన్ పక్క గుట్టలో బండలు పగలడానికి తూటాలు పేల్చే వేళలు అవే. లేవాల్సినప్పుడు దుమ్ము ఎలా పడుతుంది?

మర్నాడు పొద్దున్నే రైలెక్కి తాండూరులో దిగి, ఆటోలో ఊరు చేరింది. పన్నెండుకు కొంచెం ముందు సైరన్ మోగింది. సైరన్ మోగితే ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. నీళ్ల కుండల మీద, అన్నం గిన్నె మీద, పసిపిల్ల ఊయల మీద తడి గోనెసంచి వేస్తారు. నిరోషా కూడా నడక నేర్చిన నాటి నుంచి వేసింది. యాకోబు సంచి ఒకటి తొట్లో ముంచి, పిండి, భుజాన వేసుకుని చర్చి మెట్లెక్కాడు. నిరోషా కూడా వెనకే ఎక్కింది.

"ఏం జేస్తున్నవ్ నాయినా?"

"తూటాలు పేలుస్తరు గద బిడ్డా. నీ మిషిన్ల దుమ్ము వడకుండ కప్పుతున్న, దుమ్మణిగినంక తీస్త."

"ఎన్ని దినాల సంది?"

"నువ్వు జెప్పినకాడి నుంచి. ఒక్కపూట తప్పలె. జరమొచ్చిననాడు సుత ఎక్కిన" అన్నాడు యాకోబు. ఆ గొంతులో ఎంత గర్వమో.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ కూడా లేడే, ఎవరిని పట్టాలి? కంప్యూటర్ వైపు ఎవడి చెయ్యీ పడకుండా అన్ని దారులూ మూసింది ఆమె. ప్రేమతో తడిసిన సంచి ఒకటి అటునుంచి వస్తుందని ఏ కోడ్‌లో రాసుకుంటుంది? పైగా రమ్మని పిలిచింది తనే. నిరోషా స్లాబు మీదే కూలబడి ఏడ్చింది. ఎందుకేడుస్తోందో తెలిసేసరికి యాకోబు ముఖం నల్లబడింది.

ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేసింది. "నివేదిక ఇచ్చేసినం. గిప్పుడు నోరిప్పితె మీ నాయిన మీదికే వస్తది. మీటర్‌ను ఆగం జేసిండని కేసు వెడ్తరు. ఊకో" అన్నాడతను.

ఊరుకుంటే అర్జీ పోతుంది. చెబితే తండ్రి కేసులో పడతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె తేల్చుకోకముందే యాకోబు తేల్చేశాడు. "నేనే చెప్త" అన్నాడు.

వికారాబాద్‌లో విచారణ రోజున నిరోషా ముందు గంటల గ్రాఫు చూపించి, పన్నెండుకూ ఐదుకూ దుమ్ము ఎందుకు పడుతోందో చెప్పింది. "కప్పింది ఎవరు?" అని అధికారి అడిగాడు.

"నేనే సారు, యాకోబు. నా బిడ్డకు ఎర్క లేదు" అన్నాడు వెనక వరుసలోంచి లేచి.

మిషన్ యజమాని తరఫు వకీలు ఆ మాట కోసమే పుట్టినట్టు లేచాడు. ఫిర్యాదు చేసిన వాళ్ల మనిషే మీటర్‌ను ముట్టుకున్నానని ఒప్పుకున్నాడు కాబట్టి ఏ అంకే చెల్లదన్నాడు. అధికారి చెడ్డవాడు కాదు, యాకోబును మందలించి వదిలేశాడు. కానీ పద్నాలుగు నెలల అంకెలను కొట్టేసి, కొత్త మనిషిని పెట్టి మరో ఏడాది కొలవాలని, అప్పటిదాకా మిషన్ నడుచుకోవచ్చని రాశాడు. న్యాయంగా చూస్తే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నిరోషా కడుపు కాల్చింది.

తిరుగు బస్సులో చంద్రవ్వ కిటికీ పక్కన కూర్చుని దగ్గుతోంది. యాకోబు ముందు సీట్లో వెనక్కి తిరగకుండా కూర్చున్నాడు.

"మళ్ల ఎన్ని దినాలన్నడు బిడ్డా, ఆ సారు?"

"ఏడాది."

చంద్రవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. "అప్పటిదాంక నేనుంట్నా?" అని మామూలుగా అడిగింది, రేపు వాన పడుతుందా అని అడిగినట్టు.

"ఉంటవమ్మా. ఎందుకుండవు" అంది నిరోషా.

చంద్రవ్వ ఎనిమిది నెలలు ఉంది.