సందు సుబ్బులు పెద్దదినం

సత్తెనపల్లి నుంచి గుంటూరు పోయే రోడ్డు పక్కన, కోల్డ్ స్టోరేజీకి ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. మిరప కోతలు అయ్యాయంటే ఆ షెడ్డు నిండా ఎర్రటి గుట్టలు లేస్తాయి. ఆడవాళ్ళు వాటి చుట్టూ కూర్చుని పొద్దస్తమానం కాయలకి తొడిమలు తీస్తుంటారు. వాళ్ళ మీద మేస్త్రి నస్రత్. నలభై దాటిన మనిషి. ఘాటుకి ముక్కూ నోరూ మూసి కొంగు బిగించి చుట్టుకుంటుంది కాబట్టి కళ్ళు మాత్రమే కనపడతాయి. ఆ కళ్ళు ఎవరి బుట్ట మీద ఆగితే వాళ్ళు గబగబా బుట్టలో చెయ్యి పెట్టి తొడిమ మిగిలిన కాయల కోసం దేవుకుంటారు.

ఇంత గట్టి మనిషి ఒకప్పుడు కరెంటు పోయిందంటే చాలు గుహలూ భూతాలూ మంత్రగాళ్ళూ అంటూ కూర్చునేదంటే షెడ్డులో ఎవరూ నమ్మరు.

పాతికేళ్ళ నాడు వాళ్ళన్నయ్య అనీస్‌కి గుంటూరు అరండల్‌పేటలో కంప్యూటర్ సెంటర్ ఉండేది. ఇంటర్ అయిపోయిన నస్రత్ ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునేది. ఎవరో కాపీ చేసి తెచ్చిన ఒక సీడీలో ఒక ఆట ఉండేది. తెర మీద ఒక అడవి. ఆకాశంలో గద్ద చూసినట్టు పైనుంచి కనపడుతుంది. అందులో ఒక కత్తివీరుడు, ఒక మంత్రగత్తె, ఒక దొంగ, ఇంకొందరు కలిసి నడుస్తుంటారు. దారిలో ఎవరన్నా ఎదురైతే ఆట ఆగి, ఏం మాట్లాడతావని నిన్నే అడుగుతుంది. సెంటర్‌కి నేర్చుకోవడానికొచ్చిన కుర్రాళ్ళు పాఠం మానేసి ఆ అడవిలోనే కాపురం పెట్టారు.

వాళ్ళలో సురేంద్ర అనే కుర్రాడు ఒక సంగతి కనిపెట్టాడు. ఆ కంప్యూటర్ ఆటకి అమ్మలాంటిది ఇంకోటుందట. అది బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడేది. ఒకరు కథ నడుపుతారు, ఎదురుగా ఏముందో చెబుతారు. మిగతావాళ్ళు తలా ఒక వేషం కట్టి, మేం ఇలా చేస్తాం అంటారు. అయిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. సురేంద్ర హైదరాబాదు నుంచి ఆ నియమాల పుస్తకం జిరాక్సు తెప్పించాడు. ఇరవై ముఖాల పాచిక కావాలని అందులో ఉంది. గుంటూరంతా తిరిగినా అలాంటిది దొరకలేదు. చివరికి హౌసీ ఆట అంకెల బిళ్ళల్లోంచి ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి, పౌడరు డబ్బాలో వేసి గిలకరించి తీసేవాళ్ళు.

అందరికీ వీరుడి వేషమే కావాలి. కథ నడిపే కుర్చీ ఎవరికీ అక్కర్లేదు. అలా అది నస్రత్‌కి దక్కింది. కరెంటు పోయి కంప్యూటర్లు మూగపోయిన ప్రతిసారీ అందరూ ఆమె బల్ల చుట్టూ చేరేవాళ్ళు. "నస్రత్, తలుపు తెరిచాం, లోపల ఏముంది?" అని ఊపిరి బిగబట్టి అడిగేవాళ్ళు. జన్మలో ఆమె మాట కోసం అంతమంది అలా ఎదురుచూడడం అదే మొదలు.

తర్వాత ఇంటింటికీ కంప్యూటర్ వచ్చి సెంటర్ మూతపడింది. సురేంద్ర దర్శిలో బ్యాంకు ఉద్యోగంలో చేరాడు. నస్రత్ పెళ్ళి చేసుకుని సత్తెనపల్లి వచ్చింది. పౌడరు డబ్బా ఏమైందో ఎవరికీ తెలియదు.

ఈ వేసవిలో షెడ్డులో పాటలు వినిపించే స్పీకరు చెడిపోయింది. సూపర్‌వైజర్ రోశయ్యగారు దాన్ని విప్పి, మళ్ళీ బిగించి, రెండు స్క్రూలు మిగలడంతో జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. పాటల్లేని షెడ్డులో పొద్దు గడవడం కష్టమైంది. పొద్దు గడవకపోతే మాటలు పెరుగుతాయి, మాటలు పెరిగితే తగవులొస్తాయి. మూడోనాటికి ఎవరి కోడలు వంట ఎలా చేస్తుందన్న దాని మీద పెద్ద గొడవే అయింది.

"ఆపండే మీ గోల!" అంది నస్రత్. "నేనో కథ చెబుతాను. కాకపోతే ఊరికే వింటే కుదరదు. మీరూ అందులో ఉండాలి."

అందరికంటే పెద్దది పేరమ్మ. ఆమె దొంగనవుతానంది. "బతుకంతా బుద్ధిగానే ఉన్నాగా, ఇంకెప్పుడు?" అంటూ సందు సుబ్బులు అని పేరు కూడా తనే పెట్టుకుంది. జైనాబీ కత్తిపట్టే షంషేర్ బేగం అయింది. నర్సు చదువు మధ్యలో ఆపేసిన రాజేశ్వరి మంత్రాలూ అవీ తనకొద్దని, డాక్టరమ్మగానే ఉంటానని పట్టుబట్టింది. పాచికల బదులు పేరమ్మ ఇంటి నుంచి గవ్వలు తెచ్చింది. వేస్తే ఎన్ని గవ్వలు నోరు పైకి పడితే అంత మంచిది.

"మీ ఎదురుగా పెద్ద కోట. తలుపుకి తాళం. ఏం చేస్తారు?" అడిగింది నస్రత్.

అనీస్ సెంటర్లో అయితే ఈ మాటకి కత్తులు లేచేవి. ఇక్కడ పేరమ్మ ఒక కాయకి తొడిమ తీసి బుట్టలో పడేసి, "పక్కింటావిణ్ణి అడుగుతాం, తాళంచెవి ఎక్కడ పెట్టిపోయారో" అంది.

కోటకి పక్కిల్లు ఉంటుందని నస్రత్ ఎప్పుడూ అనుకోలేదు. అప్పటికప్పుడు ఒక పక్కిల్లు కట్టి, అందులో ఒకావిణ్ణి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

అలా మొదలై రోజూ సాగింది. కాపలా భూతాన్ని చూసి జైనాబీ కత్తి దూయబోతే రాజేశ్వరి ఆపింది. "ఉండక్కా, వీడి కళ్ళు పచ్చగా ఉన్నాయి. కామెర్లేమో అడుగుదాం." చేతులు తొడిమలు తీస్తూనే ఉండేవి, గవ్వలు వేసేటప్పుడు మాత్రం ఆగేవి. చుట్టుపక్కల వరసల వాళ్ళు కూడా బుట్టలు జరుపుకుని దగ్గరికి చేరారు.

కోట అడుగున రెక్కల పాము నిద్రపోతోంది. నోరు తెరిస్తే మంట. దాని పొట్ట కింద బంగారు గది తాళంచెవి. నేనుండగా మీకెందుకని సందు సుబ్బులు చీర ఎగ్గట్టి పాము కిందికి దూరింది. పేరమ్మ గవ్వల్ని గుప్పిట్లో ఆడించి, ఊది, వేసింది.

అన్నీ బోర్లా పడ్డాయి.

పాము కదిలింది అని వదిలేయొచ్చు, సుబ్బులు చెయ్యి కాలిందని సరిపెట్టొచ్చు. కానీ కథ నడిపే కుర్చీలో నస్రత్ ఎన్నడూ తొండి చెయ్యలేదు. పాత అలవాటు కొద్దీ నోరు జారనే జారింది. "పాము కళ్ళు తెరిచింది. మంట కక్కింది. సుబ్బులు చనిపోయింది."

సరిగ్గా అప్పుడే టీ వచ్చింది. అందరూ లేచి గ్లాసుల దగ్గరికి పోయారు. పేరమ్మ ఒక్కత్తీ గవ్వలు ఏరుకుని కొంగున ముడేసుకుంది. మర్నాడు ఆమె పనికి రాలేదు.

గవ్వలూ లేవు, ఆటా లేదు. ఆ శుక్రవారం సెలవు పెట్టుకుని ఇంట్లో ఉన్న నస్రత్‌కి ఏం తోచక, అరండల్‌పేట నాటి ఆ కంప్యూటర్ ఆట ఇప్పుడు ఫోన్లో దొరుకుతుందేమో వెతికింది. దొరికింది. అదే అడవి, అదే సంగీతం. భర్త అన్నానికి పిలుస్తున్నా వినకుండా అడవిలో నడుస్తూనే ఉంది. ఒక వాగు దగ్గర ఆమె మంత్రగత్తె చచ్చిపోయింది. వెంటనే ఆట, ఇంతకుముందు సేవ్ చేసుకున్న చోటి నుంచి మళ్ళీ ఆడతావా అని అడిగింది. సరేనని నొక్కితే మంత్రగత్తె ఏమీ ఎరగనట్టు వాగుకి ఇవతల నిలబడి ఉంది.

తాళం వేసిన తలుపు కూడా ఒకటి వచ్చింది. తెర మీద ఉన్నవి మూడే దారులు: పగలగొట్టు, మంత్రం వెయ్యి, వెనక్కి పో. నస్రత్ కాసేపు ఆ మూడింటినీ చూసి ఫోను పక్కన పెట్టింది. పక్కింటావిడ ఎక్కడా లేదు.

అయితే పేరమ్మని ఎలా బుజ్జగించాలో ఆటే నేర్పిందనుకుని, సాయంత్రం జైనాబీని వెంటపెట్టుకుని ఆమె ఇంటికి పోయింది. పేరమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"పేరమ్మ పిన్నీ, కోపం వద్దు. వెనక్కి పోదాం. పాము దగ్గరికి పోకముందు నుంచి మళ్ళీ మొదలెడదాం. గవ్వలు ఇంకోసారి వెయ్యి" అంది నస్రత్.

పేరమ్మ తలెత్తి చూసింది. "చచ్చినదాన్ని లేపుతారా? సిగ్గు లేకపోతే సరి! పోయిందంటే పోయింది. నేను గవ్వలు వేశాను, బోర్లా పడ్డాయి. దాని మీద నాకు తగాదా లేదు."

"మరెందుకు పిన్నీ పనికి రాలేదు?"

"ఎందుకా? ఒక మనిషి చచ్చిపోతే మీరంతా టీ తాగారే!" పేరమ్మ గొంతు పెరిగింది. "ఒక్కత్తి ఏడ్చిందా? అయ్యో సుబ్బులూ అందా? ఆ జైనాబీ అయితే బిస్కెట్టు కూడా ముంచుకుంది. నేను చూళ్ళేదనుకుందేమో!"

జైనాబీ తల దించుకుంది.

నస్రత్‌కి నవ్వొచ్చింది, దాని వెనకే ఇంకేదో కూడా వచ్చింది. అరండల్‌పేటలో ఎంతమందిని చంపిందో ఆమెకే గుర్తు లేదు. చచ్చినవాడు ఇంకో పేరు రాసుకుని ఇంకో వేషం కట్టేవాడు. పోయినవాళ్ళ కోసం ఎవరూ ఒక్క నిమిషం ఆగలేదు.

"తప్పయింది పిన్నీ. ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు."

"ఏం చేస్తారు? లోకంలో ఏం చేస్తారో అదే. పెద్దదినం చెయ్యండి."

"మాలో అయితే నలభయ్యో రోజున చేస్తాం" అంది జైనాబీ, ఏదో ఒకటి మాట్లాడాలని.

"అన్నాళ్ళు ఆగితే నా కూలీ పోదూ? సోమవారం పెట్టండి" అంది పేరమ్మ.

సోమవారం మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డు మూలన ఒక పీట వేశారు. సుబ్బులుకి ఫోటో లేదు కాబట్టి పీట మీద ఒక పాత ఇత్తడి తాళంచెవి పెట్టి బంతిపూల దండ వేశారు. రాజేశ్వరి గారెలు చేసుకొచ్చింది. జైనాబీ సేమ్యా తెచ్చింది. నస్రత్ పులిహోర కలిపింది. పేరమ్మ ఉతికిన చీర కట్టుకుని, దగ్గరి చుట్టంలాగా పీట పక్కనే కూర్చుంది. గారె తుంచి నోట్లో వేసుకుని, "సుబ్బులుకి ఇంత ఉప్పు సరిపోయేది కాదు" అంది.

అప్పుడొచ్చారు రోశయ్యగారు. దండ చూశారు, పీట చూశారు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, లోపలికి వచ్చి చేతులు జోడించారు.

"ఎవరమ్మా పోయింది?"

"మన సుబ్బులండీ" అంది రాజేశ్వరి.

"అయ్యో! ఏమైంది?"

"పామండీ."

"ఎండలకి బయటికొస్తున్నాయి. మంచం కిందికి దూరిందా?"

"పాము దూరలేదండీ. ఆవిడే పాము కిందికి దూరింది."

రోశయ్యగారు దుఃఖంలో మాట తడబడిందనుకున్నారు. "పిల్లలున్నారా?"

"పెళ్ళే కాలేదండీ దానికి!" అంది పేరమ్మ. అంతే, ఎక్కడి నుంచి వచ్చాయో, నిజంగానే బొటబొటా కన్నీళ్ళు కారాయి. ఆమెని చూసి జైనాబీ, జైనాబీని చూసి వరసంతా కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. రోశయ్యగారు చలించిపోయారు. బయట కాటా దగ్గరున్న హమాలీలని కేకేసి తలగుడ్డలు తీయించి కాసేపు నిలబెట్టారు. లోపలికి వచ్చి గారె అందుకున్నారు.

ఇంక దాచడం బాగుండదని నస్రత్ కొంగు సర్దుకుని అసలు సంగతి మొత్తం చెప్పింది. కోట, పాము, గవ్వలు, అన్నీ.

రోశయ్యగారు నమలడం ఆపేశారు. పీట మీది తాళంచెవి వంక చాలాసేపు చూశారు. "అంటే నేను దండం పెట్టింది..." అని ఆగి, చేతిలో గారె వంక చూసి, ఇంకోటి కూడా తీసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన దాని ఊసెత్తలేదు. స్పీకరు మాత్రం ఇప్పటికీ బాగు చేయించలేదు.

మర్నాడు పొద్దున్నే పేరమ్మ అందరికంటే ముందొచ్చి తన చోట్లో కూర్చుంది. కొంగు ముడి విప్పి గవ్వలు గోనెపట్టా మీద పోసింది.

"ఇప్పుడు నేనెవర్నో తెలుసా?" అంది. "సుబ్బులు అక్కని. పేరు పిచ్చమ్మ. కబురు తెలిసి మా ఊరి నుంచి వచ్చాను. కోట గుమ్మంలో నిలబడి ఉన్నాను. ముందు నాకొకటి చెప్పండి. నా చెల్లెలు పాము కిందికి దూరుతుంటే మీ ఇద్దరూ ఏం చేస్తున్నారు?"

మిరపకాయ మీద జైనాబీ చెయ్యి ఆగిపోయింది. "నేను... నేను కత్తి పట్టుకుని కాపలా..."

"కాపలా కాస్తే ఎట్టా పోయింది? ఏమ్మా డాక్టరూ, మందులపెట్టె ఏది? ఇంటి నుంచి తేలేదా?"

"ఆవిడ నాకు చెప్పి దూరిందా అక్కా?" అని ఎదురుతిరిగింది రాజేశ్వరి.

ఇక్కడ నస్రత్ చెప్పాల్సింది ఏమీ లేదు. వెనక వరసల వాళ్ళు కూడా తలా ఒక పక్క చేరారు. గుమ్మంలో మొదలైన పంచాయితీ సాయంత్రం దాకా తెగలేదు. ఆ రోజుకి రెక్కల పాము జోలికి ఎవరూ పోలేదు. నస్రత్ బుట్టల మధ్య తిరుగుతూ, కొంగు చాటున నవ్వుతూ, రేపు పిచ్చమ్మ ఏమంటుందోనని ఎదురుచూస్తూ ఉండిపోయింది.