గంట ఊరుకున్నాక

మలై చాచా పోయారు. మొన్న పొద్దున్నే ఆయన కూతురు ఫోన్ చేసి, "మేడం, అబ్బా పోయిండు. నిన్న సాయంత్రం దాంక మిషన్ తిప్పిండు" అంది. ఆ రెండో మాటలో ఏడుపు కంటే గర్వమే ఎక్కువ వినిపించింది నాకు. సైదాబాద్‌లో ఆటో ఎక్కి చార్మినార్ చేరేదాకా ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను.

పత్తర్‌గట్టి వెనక సందులో ఆయన మలై దుకాణం. దాని పై గదిలో ఆరేళ్లు అద్దెకున్నాను. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే నాకు ఆ ఆరేళ్లూ అలారం అవసరం రాలేదు. కింద చాచా మీగడ తీసే మిషన్ తిప్పడం మొదలుపెట్టగానే, దాని పిడిలోని గంట చుట్టుకొకసారి మోగేది. సరిపడా వేగం అందుకోగానే దానంతటదే ఊరుకునేది. అప్పుడు పై తొట్టి కుళాయి విప్పి, గోరువెచ్చని పాలు వదిలేవారు. ఒక గొట్టంలోంచి మలై, ఇంకో గొట్టంలోంచి మీగడ తీసిన పాలు పడేవి.

నేనూ సరదాపడి తిప్పేదాన్ని. రెండు నిమిషాలకే భుజం పట్టేసేది. గంట మాత్రం మోగుతూనే ఉండేది.

"ఇంక మాట్లాడుతనే ఉంది మేడం. అది ఊకున్నంకనే పాలు వదలాలె. ముందుగాల వదిలితే మలై మొత్తం పాలతోనే పోతది" అని నవ్వేవారు. కుళాయి మీద నన్ను ఒక్కసారీ చెయ్యి వేయనివ్వలేదు.

ఒకరోజు క్లాసులో ఈ యంత్రం గురించే చెబుతున్నాను. పళ్లేలు పేర్చిన గిన్నె గిరగిరా తిరిగితే బరువైన నీళ్ల పాలు అంచుకు, తేలికైన కొవ్వు నడిమికి చేరతాయని బోర్డు నిండా సూత్రాలు రాశాను. వెనక బెంచీ అమ్మాయి లేచింది.

"మేడం, గట్లయితే ఖాళీ గిన్నె తిప్పినా చాలు గద? లోపల గన్ని పళ్లేలెందుకు?"

నాకు తెలియదు. ఏళ్ల తరబడి చెబుతున్న పాఠం! "రేపు చూద్దాం" అని తప్పించుకున్నాను గానీ, ఇన్నాళ్లూ పిల్లలకు చదువు చెప్పానా, బట్టీ అప్పగించానా అని సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం చాచా, కడిగిన పళ్లేలను ఇనప తీగకు వరసగా గుచ్చుతున్నారు. గరాటు ఆకారంలో పల్చటి పళ్లేలు. నా సందేహం వినగానే రెండింటిని ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యనున్న సందు చూపించారు.

"మలై బొట్టు మస్తు చిన్నది మేడం. దూరం నడిచే తాకత్ లేదు దానికి. గింత సందు దాటితే చాలు, పళ్లెం దొరుకుతది. దాన్ని పట్టుకొని నడిమికి పోతది. దానికి దూరం తగ్గించినం, గంతే."

నా పుస్తకంలో అర పేజీ లెక్క చెప్పేది ఇదే. మర్నాడు క్లాసులో ఆయన మాటల్లోనే చెప్పాను. నాకు తెలియకపోతే ఎవరిని అడిగానో కూడా దాచలేదు. పిల్లలు చాచాను తీసుకురావలసిందేనని పట్టుబట్టారు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, మిషన్‌ను ఆటోలో ఎక్కించి, దాని గిన్నెను ఒళ్లో పెట్టుకుని వచ్చిన మనిషి, తీరా క్లాసు గడప దగ్గర ఆగిపోయారు.

"మూడో క్లాసు గూడ దాటలే నేను. పిల్లలు నవ్వితే మీ ఇజ్జత్ పోతది మేడం."

"పోతే ఇద్దరిదీ పోతుంది, రండి చాచా" అన్నాను.

లోపలికొచ్చి పిడి తిప్పారు. గంట మోగింది, ఊరుకుంది, మలై ధార కట్టింది. పిల్లలు బెంచీలు వదిలి చుట్టూ మూగారు. ఆ వెనక బెంచీ అమ్మాయే మళ్లీ అడిగింది. "సార్, ఇంకా జోరుగ తిప్పితే ఇంకా మలై రాదా?"

సార్ ఎవరా అని చాచా వెనక్కి తిరిగి చూశారు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు.

"గట్టిపడి గొట్టంల ఇరుక్కుంటది బిడ్డా. దాన్ని బయటికి గూడ రానియ్యాలె గద!"

తనను సార్ అన్నారని చాచా నెల రోజులు సందంతా తిరిగి చెప్పుకున్నారు. ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు రాలేదు. మా కాలేజీలో ఆయనకంటే మంచి మాస్టారిని నేను చూడలేదు.

చాచా పోయిన మూడో రోజు ప్రార్థనలయ్యాక కూతురు దుకాణం తెరిచింది. పాలు గోరువెచ్చగా కాచి, పళ్లేలు వరస తప్పకుండా అమర్చింది. పిడి పట్టుకుని నాలుగు చుట్లు తిప్పేసరికి ఏడుపు తన్నుకొచ్చి తిప్పడం ఆపేసింది. పిడి నేను అందుకున్నాను.

"మీకు ఎన్నడూ ఊకోలేదు మేడం అది" అంది కళ్లు తుడుచుకుంటూ.

నా చేతి పక్కనే తనూ చెయ్యి వేసింది. గంట మోగుతోంది. భుజం పట్టేసింది. అయినా పిడి వదల్లేదు. మోగీ మోగీ, ఒక చుట్టులో మోగలేదు. తర్వాతి చుట్టులోనూ మోగలేదు.

"పాలు మీరే వదలుండ్రి మేడం" అంది, పిడి తను తిప్పుతూ.

కుళాయి విప్పాను. ముందు పల్చటి పాలు వచ్చాయి. కాసేపటికి రెండో గొట్టం అంచున మలై చిక్కగా వచ్చి, కొంచెం నిలిచి, చాచా మలై పట్టే గిన్నెలోకి జారింది.