ఏడో గుంట దగ్గర మామయ్య బండి

మా మామయ్యకు బండి నడపడం కన్నా ఆపడం ఇష్టం. సముద్రపు ఒడ్డున ఉన్న గోల్ఫ్ రిసార్టులో ఆయన బ్యాటరీ బండి డ్రైవరు. ఆటగాళ్ళను ఒక గుంట నుంచి ఇంకో గుంటకు చేర్చడం ఆయన ఉద్యోగం. చేర్చకపోవడం ఆయన అలవాటు.

రోజూ పొద్దున ఏడో గుంట దగ్గరికి రాగానే బండి సరిగ్గా బంతి కొట్టేచోటికి ఎదురుగా, అడ్డంగా ఆగిపోయేది. మామయ్య తాపీగా దిగి, సీటెత్తి, నాడి చూసే వైద్యుడిలా బ్యాటరీ వంక చూసి, "అలిసిపోయిందండీ పాపం," అనేవాడు. ఇక పావుగంట ఎవరూ బంతి కొట్టడానికి లేదు. ఆరో గుంట దగ్గర నున్నగా గడ్డం గీసుకుని బండెక్కిన ఒక పెద్దమనిషికి ఎనిమిదో గుంట చేరేసరికి మళ్ళీ మాసిందట.

నేను అక్కడి స్పాలో రిసెప్షనిస్టుని. ఒళ్ళునొప్పులకు నూనె రాయించుకోవడానికి వచ్చేవాళ్ళలో సగం మంది విసిగిపోయి మామయ్య బండి దిగి నడిచినవాళ్ళే. ఆయన నా మేనమామ అని ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

ఇలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు. నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండే మనిషి. ఫిర్యాదులన్నీ చదివి, బండికి కొత్త బ్యాటరీ వేయించి, ఇక బండి ఆగితే ఉద్యోగమూ ఆగుతుందని మామయ్యకు చెప్పాడు. మర్నాడు తానే ముందు సీట్లో కూర్చుని, జరిగింది రాసుకోవడానికి నన్ను వెనక ఎక్కించాడు.

ఏడో గుంట వచ్చింది. కొత్త బ్యాటరీ కూడా అలిసిపోయింది.

అంతలో పొదల చాటున కంచె సందులోంచి, తలమీద చేపల బుట్టలతో పదకొండు మంది ఆడవాళ్ళు గడ్డి మైదానంలోకి దిగారు. రిసార్టు కట్టాక బజారుకు వెళ్ళే వాళ్ళ పాత దారి మూసుకుపోయింది. చుట్టూ తిరిగితే ఆరు కిలోమీటర్లు, అడ్డంగా వెళితే నెత్తిన బంతి. అంతకు ముందు ఒకామె భుజం వాచింది కూడా. బండి అడ్డంగా ఉన్నంతసేపూ ఎవరూ కొట్టరు.

"బ్యాటరీకేమైంది?" అన్నాడు మేనేజరు.

"దానికేం, భేషుగ్గా ఉందండీ," అన్నాడు మామయ్య తల దించుకుని. "వాళ్ళు దాటాలి."

మేనేజరు దిగి, తానే సీటెత్తి, బ్యాటరీ వంక తీక్షణంగా చూస్తూ నిలబడ్డాడు. అందరికన్నా వెనకపడ్డ ముసలమ్మ మైదానం మధ్యలో ఊపిరి తీసుకుంటోంది.

"ఇంకో ఐదు నిమిషాలు పట్టేలా ఉంది," అన్నాడు మేనేజరు.

వారం తిరక్కుండా కంచెకు గేటు పెట్టించి, పొద్దున వాళ్ళు దాటే వేళకు ఆట ఆపాలని నోటీసు వేయించాడు. ఇక మామయ్యకు ఆగే పని తప్పింది.

ఆ మర్నాడు బండి ఏడో గుంట దగ్గర ఆగలేదు. ఎనిమిదో గుంట దగ్గరా ఆగలేదు. మా గుంట వెనక పడిపోయిందయ్యా అని ఆటగాళ్ళు మొత్తుకుంటే మామయ్య వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

"దీని వేగం ఎంతో ఇన్నేళ్ళూ నాకూ తెలీదండీ," అన్నాడట. "కాస్త గట్టిగా పట్టుకోండి."